ముందు సైటులో పెట్టండి, తర్వాతే వాట్సాప్‌లో: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు, అన్ని శాఖల జిల్లా అధికారులకు, పురపాలక కమిషనర్లకు, మండల, సచివాలయ సిబ్బందికి

నమస్కారం.

మేం ఈ రెండు జిల్లాల్లో నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు నడిపేవాళ్లం, వెబ్‌సైట్లు కట్టేవాళ్లం, చూపులేనివారికి ఫోనూ కంప్యూటరూ నేర్పేవాళ్లం. ప్రభుత్వ కాగితం జనానికి చేరే దారిలో ఆఖరి మజిలీ మా బల్లే. ఏ నోటీసు ఎక్కడ ఆగిపోతోందో, ఎందుకు ఆగిపోతోందో రోజూ చూస్తున్నాం. ఈ విషయం మీద ఒక కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. రెండుసార్లూ "పరిష్కరించడమైనది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాం.

మా మాట ఒకటే. ప్రభుత్వం జనానికి చెప్పదలచిన ప్రతి సంగతీ ముందు ప్రభుత్వ సొంత సైటులో ఉండాలి. లాగిన్ అడగకుండా తెరుచుకోవాలి. బొమ్మగా కాకుండా అక్షరాలుగా ఉండాలి. వాట్సాప్, ఫేస్‌బుక్, ఎక్స్, యూట్యూబ్ ఆ పేజీ లింకును ఊరంతా తిప్పిపెట్టాలి, అంతవరకే.

వాట్సాప్ వద్దని మేం అనడం లేదు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో మొదలుపెట్టిన 'మన మిత్ర' వాట్సాప్ సేవ వల్ల చాలామందికి కార్యాలయం మెట్లెక్కే పని తప్పింది, కాదనం. అది రెండో తలుపుగా ఉన్నంతకాలం మంచిదే. మొదటి తలుపు మూసేసి అదొక్కటే ఉంచితే, ఆ తాళంచెవి జిల్లా యంత్రాంగం దగ్గర ఉండదు. అమెరికాలోని ఒక కంపెనీ దగ్గర ఉంటుంది.

పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటిస్తే సంతకెళ్లే మనిషి కూడా ఆగి చదివేవాడు. చదువు రానివాళ్లు పక్కవాళ్ల చేత చదివించుకునేవారు. ఆ గోడ ముందు నిలబడ్డానికి ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు, ఎవరి షరతులకూ "ఒప్పుకుంటున్నాను" అని నొక్కక్కర్లేదు. వెబ్ పుట్టుకే అలాంటిది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన ఈ వ్యవస్థను 1993 ఏప్రిల్ 30న ఆయన పనిచేసిన సెర్న్ పరిశోధన సంస్థ రుసుము లేకుండా లోకానికి వదిలేసింది. ఎవరైనా పేజీ పెట్టొచ్చు, ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా దానికి లింకు ఇవ్వొచ్చు. మధ్యలో అడగాల్సిన వాళ్లెవరూ లేరు.

మన దేశంలో ఈ తగవు ఒకసారి తేలింది కూడా. కొన్ని సైట్లు మాత్రమే ఉచితంగా చూపిస్తానంటూ ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్' తెచ్చినప్పుడు, సైటును బట్టి డేటాకు వేరు వేరు ధరలు పెట్టకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నియమం తెచ్చింది. గేటు పెడతానని కంపెనీ వస్తే ఆ రోజు వద్దన్నాం. పదేళ్లు తిరిగేసరికి మన నోటీసుల్ని మనమే మోసుకెళ్లి ఆ గేటు లోపల పెట్టి వస్తున్నాం.

దీనివల్ల జనానికి ఏం జరుగుతోందో వరసగా చెబుతాం.

1. నోటీసు బొమ్మ అయిపోతోంది

ఒక నోటీసు ప్రయాణం చూడండి. గుమాస్తా కంప్యూటర్లో టైప్ చేస్తారు. ఆ క్షణాన అది శుభ్రమైన అక్షరం. ప్రింటు తీసి, పచ్చసిరాతో సంతకం చేయించి, ఫోనుతో ఫొటో తీసి గ్రూపులో వేస్తారు. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోను పొడవు వైపు దాదాపు 1600 చుక్కలకు కుదించేస్తుంది. ఏ4 కాగితానికి లెక్కేస్తే అంగుళానికి 137 చుక్కలు. అందులో పది పాయింట్ల తెలుగు అక్షరానికి గుణింతం, వత్తు అన్నీ కలిపి దక్కేది సుమారు 19 చుక్కల ఎత్తు. వత్తుకు మిగిలేది ఐదారు. 'ప'కూ 'వ'కూ తేడా తలకట్టు దగ్గరున్న చిన్న సందే కదా; అది పూడుకుపోతే 'ప' కాస్తా 'వ' అయి కూర్చుంటుంది. సర్వే నంబరు 138/3 అయితే 133/8లా కనబడుతుంది. రెండోసారి, మూడోసారి స్క్రీన్‌షాట్ తీసి తిప్పినప్పుడు ఇంకా చెడుతుంది. జాబితాలో తన పేరుందో లేదో తేల్చుకోలేక మనిషి మండల కేంద్రానికి బస్సెక్కుతాడు. ఆ రోజు కూలి పోయినట్టే.

బరువు లెక్క కూడా చూడండి. ఏ ఫోనైనా, కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షర సంకేతాల పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడుతుంది. గుణింతం, పొల్లు అన్నీ విడివిడి గుర్తులే. ఒక పేజీ నోటీసులో రెండు వేల గుర్తులున్నా ఆరు కేబీ దాటదు. అదే నోటీసు స్కాన్ పీడీఎఫ్ అయితే రెండు ఎంబీ ఉండటం మామూలు. సిగ్నల్ చచ్చిపోయి సెకనుకు 50 కిలోబిట్లు మాత్రమే వచ్చే చోట అక్షరం ఒక్క సెకనులో దిగుతుంది. రెండు ఎంబీల స్కాన్‌కు ఐదు నిమిషాలు దాటుతుంది, అదీ మధ్యలో తెగకపోతే. మందస, మెళియాపుట్టి కొండవార ఊళ్లలో అది తెగుతుంది.

బొమ్మలోని మాట వెతికితే దొరకదు. పేరు కొట్టి చూసుకునే వీలుండదు. ఒడియా చదివే ఇచ్ఛాపురం వైపు మనిషి ఫోనులో తర్జుమా చేయించుకుందామన్నా కుదరదు.

2. తుఫాను రోజున

తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరీ జీడీ ఎలా కూలిపోయాయో మీకు చెప్పక్కర్లేదు. కరెంటు స్తంభాలు పడిపోయి ఫోన్లో పది శాతం చార్జింగు మిగిలిన మనిషికి వీడియో బులెటిన్ పనికిరాదు. నాలుగు వరసల అక్షరం పనికొస్తుంది. గొట్టా బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు, ఏ గంటకు వదిలారు, కింద ఏ మండలాలకు హెచ్చరిక. వంశధార దిగువన ఉన్నవాళ్లకు కావలసింది అంతే. నాగావళి దిగువన తోటపల్లి, నారాయణపురం లెక్కలూ అంతే.

కంపెనీల యాప్‌లను నమ్ముకుంటే ఏమవుతుందో ఇప్పటికే రెండుసార్లు తెలిసొచ్చింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ తన నెట్‌వర్క్‌లో చేసిన ఒక్క పొరపాటుతో ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ప్రపంచమంతటా సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. మూడు వేరు వేరు తలుపులు అనుకున్నవి ఒకే ఇంటివని ఆ రోజు బయటపడింది. ఇక ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) 2023లో తన ఉచిత ఏపీఐకి, అంటే వేరే ప్రోగ్రాములు నేరుగా పోస్టులు పెట్టే దారికి, హద్దులు పెట్టినప్పుడు, అమెరికా వాతావరణ సంస్థకే ఆటోమేటిక్ హెచ్చరికలు పెట్టడం కష్టమైంది. న్యూయార్క్ రైళ్లూ బస్సులూ నడిపే ఎంటీఏ ఆ ఏప్రిల్‌లో ట్విట్టర్లో సర్వీసు సమాచారం పెట్టడమే మానేసింది. తర్వాత కంపెనీ కొంత దిగివచ్చింది, నిజమే. దేశాల ప్రభుత్వాలకే ఆ గతి పడితే, మన జిల్లా ఖాతా ఏ మూలకు?

తుఫాను రోజుకు కావలసింది బొమ్మలు లేని ఒక్క పేజీ. బరువు 20 కేబీ మించకూడదు. పైన తాజా సమయం, కింద మండలాల వారీ హెచ్చరిక, దాని కింద పునరావాస కేంద్రాలు, కంట్రోల్ రూం నంబర్లు. తుఫాను వచ్చిన రోజున కట్టే పేజీ కాదిది. అక్టోబరుకు ముందే కట్టి, చిరునామా ఊరూరా గోడ మీద రాయించాల్సిన పేజీ.

3. గ్రూపులో లేనివాళ్లు ఊళ్లో లేనట్టే

వాట్సాప్ గ్రూపు పరిమితి 1024 మంది. ఆలస్యంగా చేరినవారికి పాత మెసేజ్‌లు మామూలుగా కనబడవు. వేరావల్ బోట్ల మీద పనిచేసే మన మత్స్యకారులు, చెన్నై, హైదరాబాద్ కట్టడాల దగ్గరున్న మన వలస కూలీలు నంబరు మారిస్తే గ్రూపు పోతుంది. రీచార్జి అయిపోయి నంబరు కంపెనీ వెనక్కి తీసుకుంటే ఓటీపీ కూడా రాదు. ఊళ్లో ఇంటి పట్టా జాబితా మీద అభ్యంతరాలకు వారం గడువిచ్చిన సంగతి వాళ్లకు గడువు దాటాక తెలుస్తుంది. అదే సైటులో ఉంటే వేరావల్లో పక్కవాడి ఫోనులోనైనా చూస్తారు.

ఇంకో సంగతి. గ్రూపులో ఉన్న ప్రతివారి నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది. డ్వాక్రా మహిళలను, ఒంటరిగా ఉన్న పింఛనుదారులను సమాచారం పేరుతో వందలమంది గ్రూపులో చేరుస్తున్నాం. తర్వాత వచ్చే అర్ధరాత్రి ఫోన్లకు జవాబుదారీ ఎవరు?

ఫేస్‌బుక్ పేజీలో పెడితే నాలుగు పోస్టులు చూసేలోపే లాగిన్ తెర అడ్డొస్తుంది. పైగా ఏ పోస్టు ఎవరికి చూపించాలో నిర్ణయించేది కంపెనీ లెక్కలు. తేదీ ప్రకారం వరస కూడా ఉండదు. పింఛను తనిఖీ శిబిరం ముగిసిన మూడో రోజున ఆ పోస్టు పైకి తేలుతుంది.

షరతులు కూడా కంపెనీ ఇష్టమే. 2021లో వాట్సాప్ ప్రైవసీ విధానాన్ని మార్చి ఒప్పుకుంటేనే వాడుకోండన్న తీరును తప్పుబట్టి కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో వాట్సాప్ యజమాని మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. ఆ వ్యాజ్యం ఎటు తిరిగినా, అలాంటి షరతులకు తలూపితే తప్ప ప్రభుత్వ నోటీసు చదవలేని స్థితిలోకి పౌరుణ్ని నెట్టే అధికారం ఏ కార్యాలయానికీ లేదు.

4. డ్రైవ్ లింకు, ఫారం, పొట్టి లింకు

ఎంపిక జాబితా గూగుల్ డ్రైవ్‌లో పెడతారు. షేరింగు మార్చడం మరిచిపోతారు. నొక్కినవారికి "అనుమతి కోరండి" అనే తెర. ఎవరిని కోరాలి? ఒప్పంద ఉద్యోగి సొంత జీమెయిల్ ఖాతాను! ఆ ఉద్యోగి మారిపోతే, ఖాతా నిండిపోతే, తొలగిపోతే, జాబితా కూడా అంతే సంగతులు. గూగుల్ ఫారంలో ఫైలు జతచేసే ప్రశ్న ఒక్కటి పెట్టినా నింపేవారు గూగుల్ ఖాతాతో లాగిన్ కావలసిందే. ఆ ఖాతా పాస్‌వర్డు షాపులో ఎవరో ఎప్పుడో పెట్టిందే. దరఖాస్తుదారులకు తెలియదు.

పొట్టి లింకుల గతి చూడండి. గూగుల్ తన లింకులు కుదించే సేవలో కొత్తవి చేయడం 2019లోనే ఆపింది. పాత లింకుల్లో కదలిక లేనివాటిని 2025 ఆగస్టులో తీసేసింది. అలాంటి లింకుతో క్యూఆర్ కోడ్ వేసి ఫ్లెక్సీ కొట్టిస్తే, ఫ్లెక్సీ ఉంటుంది, దారి ఉండదు. క్యూఆర్ కోడ్ వేయండి, అందులో నేరుగా ప్రభుత్వ సైటు చిరునామానే పెట్టండి. కోడ్ కిందే ఆ చిరునామాను అక్షరాల్లో కూడా ముద్రించండి. కెమెరా పగిలిన ఫోను ఉన్నవాళ్లు టైప్ చేసుకుంటారు.

5. అను ఫాంటు

ఇది కంపెనీల తప్పు కాదు, మనదే. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం వెనుక ఉండేది తెలుగు సంకేతం కాదు, ఇంగ్లిషు అక్షరాలూ ఇతర గుర్తులూ. ఫాంటు ఉన్నంతసేపు తెలుగులా కనబడుతుంది. పీడీఎఫ్ నుంచి ఒక వరస కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. తెలుగు వస్తే యూనికోడ్. పౌండు గుర్తులూ, కొసరు కొమ్ములున్న ఇంగ్లిషు అక్షరాలూ వస్తే అది వెతికేవాడికీ, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కీ అక్షరం కాదు, చెత్త. పరీక్షకు పది సెకన్లు పట్టదు.

యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన తొలి వెర్షన్ నుంచే ఉంది. అను ఆపిల్ కీబోర్డుకు అలవాటైన చేయి మార్చుకోనక్కర్లేదు. అదే అమరికతో యూనికోడ్ టైప్ చేసే సాధనాలున్నాయి. అందమైన ఫాంట్లు లేవనే సాకు కూడా చెల్లదు. గిడుగు, గురజాడ పేర్లతోనే స్వేచ్ఛా లైసెన్సులో ఉచిత యూనికోడ్ ఫాంట్లున్నాయి. జనం మాట జనానికి అర్థమయ్యేలా రాయాలని జీవితాంతం పోట్లాడిన ఆ ఇద్దరూ ఈ గడ్డ మీద పనిచేసినవాళ్లే. వాళ్ల జిల్లాల్లో నోటీసు అక్షరం కూడా కాకపోవడం బాగుండలేదు. భాష గ్రాంథికంగా ఉండటం గురించి ఇంకో లేఖ రాయాలి, ఇక్కడ వద్దు.

కొండల్లోని సవర గిరిజనుల సంగతి వేరు. వాళ్ల భాషకున్న సొరాంగ్ సోంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది గానీ మన ఊళ్లలో ఎక్కువమందికి చదివే లిపి కన్నా వినే మాట అక్కరకొస్తుంది. ఒక నిమిషం సవర మాటను సెకనుకు 16 కిలోబిట్ల ఆడియోగా దాస్తే 120 కేబీ. ఆ పేజీలోనే అడుగున పెట్టొచ్చు.

6. చూపులేనివారి చేతిలో ఫోను

గ్రూపులో వచ్చిన నోటీసు ఫొటో మీద వేలు పెడితే, తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ చదివేది "ఫొటో" అనే మాట, పంపిన సమయం. అంతే. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరం తేదీ ఆ ఫొటోలో ఉంటుంది. అంటే వికలాంగుల కోసం వేసిన నోటీసే వాళ్లలో ఒక వర్గానికి వినబడదు. అక్షరంగా పెడితే ఫోను తెలుగులో చదివి వినిపిస్తుంది. కంప్యూటరులో అదే పని ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా చేస్తుంది. బొమ్మలో అక్షరాలు అడిగే క్యాప్చాకు శబ్దం దారి లేకపోతే మాత్రం ఆ మనిషి అక్కడే ఆగిపోతాడు.

ఇది దయ చూపమని అడగడం కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 42 సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంటోంది. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో వెర్షన్ 2023లో వచ్చింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 4 అయితే, జనం అడగకముందే, స్థానిక భాషలో, ఇంటర్నెట్ సహా పలు మార్గాల్లో సమాచారం పెట్టాలంటోంది.

7. అసలు లేనిచోట నకిలీ రాజ్యం

అంగన్‌వాడీ పోస్టులంటూ ఒక కాగితం తిరుగుతుంది. నిజమా అబద్ధమా అని జనం మా షాపులకొస్తారు. ప్రభుత్వ సైటులో దాని జాడ ఉంటే ఒక్క నిమిషంలో తేలుస్తాం. అసలు నోటీసు కూడా గ్రూపు ఫొటోగానే పుట్టినప్పుడు అసలుకీ నకిలీకీ ముఖం ఒకటే. రైతు పథకం పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కి బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకునేవారు పెరగడానికి ఇదీ ఒక కారణం: ప్రభుత్వ సమాచారం వాట్సాప్‌లోనే వస్తుందని మనమే అలవాటు చేశాం. ఇప్పుడు ఏఐని అడిగి తెలుసుకునేవారూ ఉన్నారు. సరైన పేజీ లేకపోతే అది ఏ పాత యూట్యూబ్ చానెల్ మాటనో ధీమాగా అప్పజెబుతుంది.

సిబ్బంది లేరు, సమయం లేదు అంటారని తెలుసు. నిజానికి పనికి కావలసిన సరంజామా మీ దగ్గరే ఉంది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ విభాగం ఎన్ఐసీ వారి ఎస్‌త్రీవాస్ అనే వెబ్‌సైట్ల వేదిక మీద జిల్లా సైట్లున్నాయి. తెలుగు పేజీలున్నాయి. ప్రకటనలు, నియామకాలు, టెండర్లకు విడివిడి గదులున్నాయి. ప్రారంభ తేదీ, ముగింపు తేదీ వేస్తే గడువు దాటిన నోటీసు దానంతటదే పాత దస్త్రాల్లోకి వెళ్తుంది. లోపమంతా వాడే తీరులో. శీర్షికలో "ప్రకటన" అని రాసి, వివరణ గది ఖాళీగా వదిలి, స్కాన్ తగిలించి వదిలేయడం. చేయాల్సింది ఇలా:

టైప్ చేసిన మూలం నుంచి నోటీసు పాఠం కాపీ చేసి వివరణ గదిలో అతికించండి. శీర్షికలో మండలం, విషయం, గడువు మూడూ రాయండి. సంతకం ప్రతి కావాలంటే నలుపు తెలుపులో 200 డీపీఐతో (అంగుళానికి 200 చుక్కలు) స్కాన్ చేసి పక్కన జతచేయండి. పేజీకి వంద కేబీకి అటూ ఇటూ ఉంటుంది. రంగులో, 600 డీపీఐలో స్కాన్ చేయడం వల్లే ఫైళ్లు అంత బరువెక్కుతున్నాయి. జాబితా అయితే ఎక్సెల్ ఫైలును సీఎస్‌వీగా (ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే సాదా పట్టికగా) కూడా సేవ్ చేసి పెట్టండి. ఆధార్, ఫోను, బ్యాంకు ఖాతా నంబర్లున్న నిలువు వరసలు ముందే తీసేయండి. దాచితే సరిపోదు, హైడ్ చేసిన వరస ఒక్క నొక్కుతో బయటికొస్తుంది. చివరగా పేజీ చిరునామా కాపీ చేసి, రెండు వాక్యాల సారాంశంతో గ్రూపులో వేయండి. చేయి తిరిగాక పది నిమిషాల పని. ప్రస్తుతం ప్రింటు, సంతకం, ఫొటో, మళ్లీ ఫొటోకు పట్టే సమయం కన్నా తక్కువే.

మేం కోరుతున్నవి:

1. ముందు సైటు, తర్వాతే గ్రూపు అని రెండు జిల్లాల్లోనూ లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. సైటు చిరునామా లేని నోటీసు ఫొటోను ఏ శాఖా గ్రూపుల్లో వేయకూడదు. గడువు లెక్క కూడా సైటులో పెట్టిన రోజు నుంచే మొదలు కావాలి. ఇదొక్కటి అమలైతే మిగతావి సగం వాటంతటవే సర్దుకుంటాయి.

2. కొత్త నోటీసులన్నీ యూనికోడ్ తెలుగులో. డీటీపీ టెండరు షరతుల్లో కూడా ఆ మాట రాయండి, మా షాపులకూ అదే వర్తించాలి.

3. వచ్చే తుఫాను కాలానికి ముందే 20 కేబీ హెచ్చరిక పేజీ. నదుల ప్రవాహం లెక్కలు తేదీ, గంట, చోటు, లోపలికి, బయటికి అనే ఐదు వరసల్లో, కొత్త సమాచారాన్ని దానంతటదే అందించే ఆర్ఎస్ఎస్ ఫీడుతో సహా. ఫీడు ఉంటే ఊరి కుర్రాళ్లే దాన్ని మైకుకూ, ఎస్ఎంఎస్‌కూ, టెలిగ్రామ్‌కూ తగిలించుకుంటారు. ఏ కంపెనీ ఏపీఐ కోసమూ దేబిరించనక్కర్లేదు.

4. వాట్సాప్‌లో దొరికే ప్రతి జిల్లా సేవకూ సైటులోనూ, సచివాలయం కౌంటరులోనూ దారి ఉండాలి. ఫోను లేదన్న కారణంతో ఎవరినీ వెనక్కి పంపకూడదు.

5. సైటు మార్చినప్పుడు పాత చిరునామాలు కొత్తవాటికి దారి మళ్లించాలి. పాత డొమైన్లు వదిలేయకుండా రెన్యువల్ చేయాలి. వదిలేసిన పేరును జూదం సైట్లవాళ్లు కొనుక్కుంటే, మన పాత కరపత్రాలన్నీ అక్కడికే దారి చూపిస్తాయి.

6. ఏటా ఒకసారి చూపులేనివారిని కూర్చోబెట్టి, స్క్రీన్ రీడరుతో, మౌసు ముట్టకుండా, ఒక దరఖాస్తు మొదటినుంచి చివరిదాకా నింపించి చూడండి. ఎక్కడ ఆగారో రాసుకుని సరిచేయండి. వచ్చినవారికి ఆ రోజు భత్యం ఇవ్వండి.

ఉత్తర్వు కోసం నెల రోజులు చూస్తాం. రాకపోతే సెక్షన్ 4 కింద ఏ శాఖ ఏ సమాచారం సైటులో పెట్టిందో, ఏది పెట్టలేదో మండలాల వారీగా సమాచార హక్కు దరఖాస్తులు వేస్తాం. వచ్చిన జవాబులను అందరికీ కనబడేలా పెడతాం. సిబ్బందికి నేర్పాలంటే మేం వస్తాం. డివిజనుకు ఒక పూట చాలు, రుసుము అక్కర్లేదు, ప్రొజెక్టరు మాత్రం మీరే చూసుకోవాలి.

ఈ లేఖ పూర్తిగా యూనికోడ్‌లో ఉంది. బరువు వంద కేబీ లోపే. కాపీ చేసి మీ ఫైల్లో పెట్టుకోవచ్చు, ప్రింటు తీసి స్కాన్ చేయనక్కర్లేదు.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నెట్ సెంటర్, డీటీపీ, వెబ్ పనివారు, స్క్రీన్ రీడర్ శిక్షకులు